పైపైన పెట్టిన లప్పం

నా చిన్నప్పుడు మా గని కాలనీలో నాకున్నంత కోపం ఇంకెవరికీ లేదని అనేవాళ్లు. అందులో అబద్ధమేమీ లేదు. పలక పగిలినా కోపమే, కూరలో ఉప్పు తగ్గినా కోపమే. ఆ కోపాలన్నీ వయసుతో పాటు ఎటో పోయాయి. గోదావరిఖనిలో నాకు పది పదకొండేళ్లున్నప్పుడు పుట్టిన ఒక్క కోపం మాత్రం ఇప్పటికీ వేడిగానే ఉంది. చల్లార్చుకోమని మా పిల్లలు చెబుతుంటారు. వాళ్లకు ఏం తెలుసు?

మా పక్క క్వార్టరులో ఒక చాచా ఉండేవాడు. గని వర్క్‌షాపులో వడ్రంగి మిస్త్రీ. ఇంట్లో వాళ్లు దక్కనీ ఉర్దూ మాట్లాడుకునేవాళ్లు, మాతో మాత్రం మా తెలుగే మాట్లాడేవాడు. డ్యూటీలో ఆయన పని తలుపులు, బల్లలు, కుర్చీలు. కానీ ఆయనకు పేరు తెచ్చింది చిన్న చిన్న గని నమూనాలు. కొత్తగా పనిలో చేరినవాళ్లకు చూపించడానికి, రక్షణ వారోత్సవాల్లో పెట్టడానికి పై అధికారులు ఆయన చేతే వాటిని చేయించేవాళ్లు. పట్టాల మీద బొగ్గు మోసే టబ్బులు అగ్గిపెట్టెలంతవి, వేలెడంత మనుషులు, గని లోపలి దారులు, అన్నీ చెక్కతో, మట్టితో చేసేవాడు. వర్క్‌షాపులో తీరిక దొరకదని సాయంత్రాలు ఇంటి వరండాలో కూర్చుని చేసుకునేవాడు. బడి నుంచి రాగానే నేను సంచి పడేసి ఆ వరండాలోకి చేరేదాన్ని.

నాకు అన్నిటికంటే ఇష్టం లప్పం పని. చెక్కకు చెక్క ఎంత బాగా అతికించినా మధ్యలో సన్నని సందు కనబడుతుంది. మేకు దిగిన చోట గుంట ఉంటుంది. వాటిని నింపి, అతుకు ఎక్కడుందో తెలియకుండా చేసేది లప్పం. సుద్దపొడిలో అవిసె నూనె పోసి, చపాతీ పిండి పిసికినట్టు పిసికేవాడు చాచా. నా వేళ్లు సన్నగా ఉంటాయని చిన్న సందులన్నీ నాకే వదిలేవాడు. ఆ పనికి ఒక పద్ధతి ఉండేది. సందు లోతుగా ఉంటే ముందు రంపపు పొట్టులో జిగురు కలిపి అడుగుదాకా కుక్కాలి. అది ఆరాక పైన లప్పం పలచగా పెట్టాలి. అదీ ఆరాక మళ్లీ ఒక పూత, తర్వాత గరుకు కాగితంతో రుద్దడం. తొందరపడి పైపైన నింపితే ఆయనకు నచ్చేది కాదు. గీకి పారేసి మళ్లీ చేయమనేవాడు. నేను మూతి ముడుచుకుని మళ్లీ చేసేదాన్ని.

ఇక మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన్ని బాపు అనేవాళ్లం. బాపు గనిలో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపే పని చేసేవాడు. మా పెద్దబాపు, అంటే బాపు సొంత అన్న, అదే గనిలో సర్దార్. మనుషులు లోపలికి పోకముందే సర్దార్ వెళ్లి ఇనుప పొన్ను ఉన్న కర్రతో పైకప్పును కొట్టి చూడాలి. కప్పు గట్టిగా ఉంటే ఖణేల్‌మని మోగుతుంది. లోపల రాయి విడిపోయి ఉంటే డబ్‌మని మొద్దుగా మోగుతుంది. అలా మోగిన చోట దుంగలు నిలబెట్టి ఊతమివ్వనిదే ఎవరినీ పోనివ్వకూడదు. ఆ దుంగల్ని అక్కడ టింబర్ అంటారు. పెద్దబాపుకు ఈ కొట్టి చూడటం ఒంటికి పట్టేసింది. ఎవరింటికి భోజనానికి వెళ్లినా గడప దాటకముందే ద్వారబంధం మీద వేళ్లతో కొట్టేవాడు. పెళ్లిళ్లలో పందిరి గుంజను కొట్టి చూసేవాడు. మా పెద్దమ్మ అందరి ముందూ నవ్వేది. ఆయనకు తను కొడుతున్నట్టు కూడా తెలిసేది కాదు.

ఒకరోజు మొదటి షిఫ్టులో పైకప్పు నుంచి రాయి జారి బాపు కాలి మీద పడింది. దవాఖానలో చాలా రోజులు ఉంచి ఇంటికి పంపారు. మోకాలి కింద ఎముక నుగ్గయింది, ఇక భూమి లోపలి పని చేయలేడన్నారు. అలాంటివాళ్లకు పైన కూర్చుని చేసే పని ఏదైనా ఇవ్వడం ఉంది. కానీ తప్పు మనిషిదే అని విచారణలో తేలితే ఆ పని దక్కదు, క్వార్టరూ వదలాల్సి వస్తుంది. ఆ విచారణలో మా పెద్దబాపు చెప్పాడు. కప్పు మంచిగానే ఉండెనని, తమ్ముడే తట్ట తగిలించి టింబర్ పడగొట్టుకున్నాడని. సొంత అన్న చెప్పాడు కాబట్టి అందరూ నమ్మారు.

బాపు నోరెత్తలేదు. చీకటి పడ్డాక అమ్మతో అన్న మాటలు నేను గోడకు ఆనుకుని విన్నాను. ఆ పొద్దున పెద్దబాపు కొట్టి చూసినప్పుడు కప్పు డొల్లగా మోగిందట. అక్కడ టింబర్ పెట్టాలని ఆయనే తన పై అధికారి దొరకు చెప్పాడట. ముందు బొగ్గు రానీ, రెండో షిఫ్టులో చూద్దామన్నాడట ఆ దొర. పెద్దబాపు తల వంచుకుని మనుషుల్ని లోపలికి పంపాడట. మరి నువ్వెందుకు చెప్పవని అమ్మ ఏడ్చింది. "చెప్తె అన్న నౌకరి పోతది. ఇద్దరు ఆడపిల్లలున్నరు. మా బతుకు ఎట్లనో అట్ల ఎల్తది," అన్నాడు బాపు. ఎట్లా వెళ్తుంది? కాలు లేనట్టే అయింది, ఇల్లు పోబోతోంది, చేయని తప్పు నెత్తిన పడింది. ఇంత జరిగినా మంచం మీద పడుకుని అన్న గురించే ఆలోచిస్తున్న బాపును చూస్తే నా కడుపు మండిపోయింది. నాకు పెద్దబాపు మీద కోపం, బాపు మీద కోపం, వెక్కి వెక్కి ఏడవడం తప్ప ఏమీ చేయని అమ్మ మీద కోపం.

అప్పుడే రక్షణ వారోత్సవాలు దగ్గరపడ్డాయి. ఆ ఏడు చాచాకు వచ్చిన పని వింటే మీకూ ఒళ్లు మండుతుంది. కార్మికుడి నిర్లక్ష్యం వల్ల ప్రమాదం ఎలా జరుగుతుందో చూపించే నమూనా చేయాలట. పడిపోయిన టింబర్, జారిన రాయి, దాని కింద కాలు ఇరుక్కున్న మనిషి. ఎవరి పేరూ రాయలేదు. రాయాల్సిన పని లేదు కదా, ఊరందరికీ తెలుసు.

చాచా మా ఇంటికి వచ్చి, బాపు మంచం పక్కన కూర్చుని, ఆ చోటు ఎట్లుండేదో అడిగి తెలుసుకున్నాడు. బాపుతో పనిచేసినవాళ్లనూ అడిగాడు. మంచమంత పొడవున నమూనా తయారైంది. ఒక పక్క తెరిచి ఉంటుంది, లోపల దారి కనబడుతుంది. పైకప్పును మందపు చెక్కపెట్టెలా చేసి, అందులో మట్టీ రాతిపొడీ గట్టిగా కూరాడు. కప్పు అడుగున, రాయి జారిన చోట, వంకరగా ఒక పగులు కూడా పెట్టాడు. బాపువాళ్లు చెప్పింది అదే. ఆ పగులు చూసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కరైనా నిజం చూపిస్తున్నారు కదా అనుకున్నాను.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. నమూనా ఎంతవరకు వచ్చిందో చూడడానికి ఆ దొరే జీపులో వచ్చాడు. వరండాలో చెప్పులు కూడా విప్పకుండా వంగి చూసి, ఆ పగులు దగ్గర వేలు పెట్టాడు. "ఇదెందుకయ్యా మిస్త్రీ? కప్పు బాగానే ఉందని సర్దారే చెప్పాడు కదా. నింపేసెయ్. అతుకు కూడా కనబడకూడదు."

"జీ సాబ్," అన్నాడు చాచా. అంతే అన్నాడు.

జీపు మలుపు తిరగగానే నేను సుత్తి అందుకున్నాను. ఆ నమూనాను ముక్కలు చేయాలని, ఆ కాలిరిగిన బొమ్మను పొడి చేయాలని. చాచా నా మణికట్టు పట్టుకున్నాడు. గింజుకున్నాను, కొరికాను కూడా. ఆయన వదల్లేదు.

"పలగ్గొడ్తె ఏమైతది బిడ్డా? రేపు ఇంకొకనితోని చేపిస్తరు. గా ఇంకొకడు నాకంటె నున్నగ నింపుతడు."

అప్పుడు నేను అరుస్తూ ఏడుస్తూ అన్నీ చెప్పేశాను. గోడకు ఆనుకుని విన్నదంతా. పెద్దబాపు కొట్టి చూసింది, డొల్లగా మోగింది, దొర అన్నది, బాపు చెప్పనన్నది. చాచా నా చేయి వదిలి బీడీ ముట్టించుకున్నాడు. వారోత్సవాల్లో ఈ నమూనా ముందు నిలబడి జనానికి చెప్పేది ఎవరని అడిగాడు.

"ఇంకెవరు, పెద్దబాపే. సర్దార్ గద," అన్నాను.

ఆయన లేచి కప్పు పెట్టె మూత విప్పాడు. పగులుకు సరిగ్గా పైనున్న చోట, అంత కష్టపడి కూరిన మట్టిని గోకి తీసి కిందపోశాడు. తర్వాత మూత బిగించాడు. పగులు లోపల పొట్టూ జిగురూ కుక్కుతాడని చూశాను. కుక్కలేదు. అగ్గిపెట్టె అట్ట చింపి, పగులుకు అడ్డంగా అంటించి, దాని మీద రేకు ముక్కతో లప్పం పొరలాగా పూశాడు.

"గదేంది చాచా? అడుగుదాక కుక్కాలెనంటవ్ గద?"

"దీనికి గింత చాలు."

ఆరాక తనే గరుకు కాగితంతో రుద్ది, రంగు వేశాడు. చేత్తో తడిమినా పగులు ఎక్కడుందో తెలియలేదు. అంత నున్నగా వచ్చింది. నాకు మాత్రం ఒళ్లంతా కారం పూసినట్టయింది. తప్పుడు పని చేస్తున్నాడు సరే, దాన్నైనా సరిగ్గా చేయకూడదా? దొర చెప్పగానే తల ఊపి, ఇన్నాళ్లు నాకు నేర్పిన పద్ధతిని తనే తుంగలో తొక్కాడు. నాతో పదిసార్లు గీకించి మళ్లీ చేయించిన మనిషి! ఆ సాయంత్రం నుంచి నేను ఆయన వరండా తొక్కలేదు. పిలిస్తే పలకలేదు. వాళ్లింట్లోంచి షీర్‌ఖుర్మా పాయసం పంపిస్తే గిన్నె తిప్పి పంపాను. అమ్మ తిట్టింది. తిట్టనీ అనుకున్నాను.

వారోత్సవం రోజు చాచా మా గుమ్మంలోకి వచ్చి నన్ను తీసుకుపోతానన్నాడు. రానన్నాను. "కోపముంటె కోపంతోనే రా. కని రా," అన్నాడు. ఎందుకో వెళ్లాను. బాపు మంచం మీది నుంచి మమ్మల్ని చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గని దగ్గరి మైదానంలో షామియానా వేశారు. షిఫ్టు దిగినవాళ్లు మొహాల మీద బొగ్గుతోనే నిలబడ్డారు. ముందు కుర్చీల్లో దొరలు. నమూనాను బల్ల మీద ఎత్తుగా పెట్టారు. ఆ మట్టి బొమ్మ కాలు రాయి కింద పెట్టుకుని పడి ఉంది. జనంలో కొందరు నన్ను చూసి చూపు తిప్పుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. పళ్లు గట్టిగా బిగించుకున్నాను.

దొర లేచి రెండు ముక్కలు మాట్లాడి, మా పెద్దబాపును పిలిచి సన్నటి కర్ర చేతికిచ్చాడు. పెద్దబాపు నన్ను చూశాడు, చూడనట్టు బల్ల దగ్గరికి వెళ్లాడు. ఇది పనిస్థలం అన్నాడు. ఇది టబ్బు లైను అన్నాడు. ఇది పైకప్పు అన్నాడు. అంటూనే, ఎప్పటిలాగే, తనకు తెలియకుండానే, కర్ర పైకి పోయింది. కప్పును కొట్టింది. ఖణ్. ఇంకొంచెం పక్కన, ఖణ్. "పొద్దుగాల్ల నేను మంచిగ చూసిన. కప్పుకు ఏ ఫికర్ లేకుండె," అంటున్నాడు. కర్ర జరిగింది.

డబ్.

ఆ చప్పుడు నేను మరిచిపోలేను. ఆ షామియానా కింద ఉన్నవాళ్లలో సగం మంది ఆ చప్పుడు గనిలో వింటే పనిముట్లు పడేసి వెనక్కి ఉరికేవాళ్లే. పెద్దబాపు నోట్లో మాట అక్కడే ఆగిపోయింది. దొరకు ఏమీ అర్థం కాలేదు, కానీయమని చేయి ఊపాడు. పెద్దబాపు అతని వంక చూడలేదు. కప్పు వంక చూస్తూ, మళ్లీ అదే చోట కొట్టాడు. డబ్. నున్నగా, పగులు జాడ లేకుండా, మెరిసే రంగుతో ఉన్న చోట.

జనంలోంచి ఎవరో ముసలి కార్మికుడు, "ఏం మోగుతాంది సర్దార్?" అని అడిగాడు. గొంతులో వెటకారం లేదు. గనిలో అడిగినట్టే అడిగాడు.

పెద్దబాపు కర్రను బల్ల మీద పెట్టేశాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "డొల్ల మోగుతాంది," అన్నాడు. కాసేపటికి మళ్లీ, "గా దినం గూడ గిట్లనే మోగింది. టింబర్ పెట్టాలెనని నేను చెప్పిన. రెండో షిఫ్టుల పెడ్దమన్నరు. నేనే తోలిన మా తమ్ముణ్ని లోపలికి. వాని తప్పేం లేదు."

దొర లేచి అరవబోయాడు. అరుపు ఎవరికీ వినపడలేదు. జనం ఒక్కసారిగా ముందుకు వచ్చారు. నా భుజం మీద చాచా చేయి బరువుగా ఉంది. ఆయన మొహంలో గెలిచిన సంతోషమేమీ లేదు. పని సరిగ్గా కుదిరిందో లేదో చూసుకునేటప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, ఆ మట్టి ఎందుకు తీశాడో.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, లేకపోతే ఇది కథలా ఉంటుంది. కార్మికులంతా పట్టుబట్టారు కాబట్టి విచారణ మళ్లీ చేశారు. బాపుది తప్పు కాదని ఒప్పుకున్నారు. ల్యాంపులు పంచే గదిలో పని ఇచ్చారు, మా క్వార్టరు మాకు ఉంది. పెద్దబాపును కింది పనికి దించి దూరంగా గోలేటి గనుల వైపు పంపారు. కానీ ముందు బొగ్గు రానీ అన్న ఆ దొరకు ఏమీ కాలేదు. ఆ మాట అన్నట్టు రుజువు లేదట. కొంతకాలానికి అతనికి పెద్ద కుర్చీయే వచ్చింది. చాచాను మాత్రం నమూనా సరిగ్గా చేయలేదన్న సాకుతో కాసిపేట గనికి బదిలీ చేశారు. ఎవరైనా అడిగారా, లప్పం సరిగ్గా పెట్టనందుకు మనిషిని బదిలీ చేస్తారా అని? అడగలేదు. అప్పుడు నేను పిల్లను కాబట్టి నేనూ అడగలేదు.

సామాను లారీకి ఎక్కిస్తుంటే నేను పోయి ఆయన పక్కన నిలబడ్డాను. పెద్దబాపు అందరి ముందూ నిజం చెబుతాడని ఎట్లా తెలిసిందని అడిగాను. చాచా రంపాలను గోనెపట్టాలో చుడుతూ, "చెప్తడో లేదో నాకేం ఎర్క బిడ్డా?" అన్నాడు. "ఆయన చెవుల పడితె చాలనుకున్న."

గోలేటికి పోయేముందు పెద్దబాపు మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. బాపు మంచం మీద కొంచెం జరిగి, కూర్చోమని చోటిచ్చాడు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చుని ఏడ్చారు. పెద్దబాపుకు మంచినీళ్లు తెమ్మని బాపు నాతో అన్నాడు. నేను తేలేదు. అమ్మ తెచ్చి ఇచ్చింది. ఇందులో నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు.

పెద్దబాపు చనిపోయి చాలా ఏళ్లయింది. ఆయన మీద నాకు కోపం పోయిందా అంటే, పోలేదు. తమ్ముణ్ని ఆ కప్పు కింద నిలబెట్టినందుకు, ఆ తర్వాత ఆ తప్పు అతని నెత్తినే వేసినందుకు, పోలేదు. అయినా మా బంధువుల్లో ఎవరైనా ఆయన్ని అబద్ధాలకోరు అంటే ఊరుకోను. నా జీవితంలో చాలామంది పెద్ద పెద్దవాళ్లను చూశాను. నలుగురి ముందు నిలబడి, తన నౌకరి పోతుందని తెలిసీ, తప్పు నాదే అన్నవాడిని ఆయన్ని తప్ప ఇంకొకరిని చూడలేదు. ఆ దొరకు రెండు చెవులూ బాగానే ఉండేవి. ముందు వరుసలోనే కూర్చున్నాడు. అతనికి ఏమీ వినపడలేదు.

ఆ రోజు నుంచి నేను సుత్తి పట్టుకోలేదు. కోపం వస్తే అరవడం కూడా తగ్గించుకున్నాను. అబద్ధమాడుతున్న మనిషి ఎదురుపడితే, తన మాట తనకే వినపడేటట్టు ఒక్క ప్రశ్న అడిగి, ఆగి, మొహంలోకి చూస్తాను. కొందరు తల దించుకుంటారు. వాళ్లతో నాకు మళ్లీ మాటలుంటాయి. ఎక్కువ మంది నవ్వేసి వేరే సంగతి ఎత్తుకుంటారు. వాళ్లందరి మీదా నా కోపం నా దగ్గరే ఉంది. ఎవరు బతిమాలినా దాన్ని నేను తగ్గించుకోను.